మూడడుగుల టేబుల్‌ మీద గేమింగ్ పీసీ: డెల్టా ఉక్కకి తట్టుకునే చిన్న బిల్డ్ ప్లాన్

భీమవరంలో కాలేజీ పక్కన అద్దె గదిలోనైనా, అమలాపురంలో పాత పెంకుటింటి వసారా గదిలోనైనా, రాజమండ్రిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోనైనా కంప్యూటర్‌కని మిగిలేది మూడడుగుల టేబులే. మానిటర్, కీబోర్డు, మౌస్, రూటర్, పుస్తకాలు అన్నీ దాని మీదే సర్దుకోవాలి. చిన్న గేమింగ్ పీసీ కావాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది. యూట్యూబ్‌లో ఎనిమిది, పది లీటర్ల (అంటే డబ్బా మొత్తం ఘనపరిమాణం) బుల్లి కేబినెట్లు చూసి మనసు పడటం సహజం. అయితే ఆ పరీక్షలు చాలావరకు ఏసీ వేసిన చల్లటి గదుల్లో జరిగినవి. మన దగ్గర మే నెలలో ఫ్యాన్ తిరుగుతున్నా గదిలో 36, 38 డిగ్రీలు ఉంటుంది. తేమ ఏడాదిలో ఎక్కువ నెలలు వదలదు. కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకని మా సలహా ముందే చెప్పేస్తున్నాం. గోదావరి జిల్లాల్లో ఏసీ లేని గదికి 14 నుంచి 26 లీటర్ల మధ్య కేబినెట్ చూసుకోండి. అంతకంటే చిన్నదానికి పోతే డబ్బు ఎక్కువవుతుంది, వేడి ఎక్కువవుతుంది, రిపేరు వస్తే మొత్తం విప్పాల్సి వస్తుంది. కేబినెట్ లీటర్ల కంటే దాని చుట్టూ మిగిలే గాలి ముఖ్యం. కింద చెప్పే అంచెలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

మొదటి అంచె: టేపు తీసుకుని టేబుల్ కొలవండి

విడిభాగాల జోలికి పోకముందే టేబుల్ వెడల్పు, లోతు, గోడకి టేబుల్‌కి మధ్య సందు, స్విచ్ బోర్డు ఎంత దూరంలో ఉందో కాగితం మీద రాసుకోండి.

వెడల్పు లెక్క ఇలా వేయాలి. నంబర్ ప్యాడ్ ఉన్న పూర్తి కీబోర్డు దాదాపు 44 సెం.మీ. నంబర్ ప్యాడ్ లేని టీకేఎల్ కీబోర్డు 36 సెం.మీ. ఇంకా చిన్నదైన 65 శాతం కీబోర్డు 32 సెం.మీ. షూటింగ్ గేములు ఆడేవాళ్లకి మౌస్ తిప్పడానికి కనీసం 30 సెం.మీ. కావాలి. కేబినెట్ వెడల్పు 19, 20 సెం.మీ. మూడడుగుల టేబుల్ అంటే 91 సెం.మీ. పూర్తి కీబోర్డుతో 44, 30, 20 కలిపితే 94, పట్టదు. టీకేఎల్‌తో 86, పడుతుంది, పక్కన ఓ ఐదు సెం.మీ. గాలి సందు కూడా మిగులుతుంది. అంటే చాలామందికి కేబినెట్ తగ్గించడం కంటే కీబోర్డు మార్చడమే చవకైన దారి.

లోతులోనే ఎక్కువమంది బోల్తా పడతారు. కేబినెట్ పొడవు మాత్రమే చూసి కొంటారు. వెనక పవర్ కార్డు, హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వంగడానికి, వేడి గాలి బయటికి పోవడానికి మరో 10 సెం.మీ. కావాలి. ఉదాహరణకి కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200పీ కేబినెట్ 18 లీటర్ల పైచిలుకే, చిన్నదే. కానీ పొడవు 37.6 సెం.మీ. వెనక సందుతో కలిపితే దాదాపు 48 అవుతుంది. 45 సెం.మీ. లోతున్న టేబుల్ మీద దాని ముఖం అంచు దాటి బయటికి వస్తుంది. ఆసుస్ ప్రైమ్ ఏపీ201 అయితే 46 సెం.మీ. పొడవు, దానికి రెండడుగుల లోతు ఉన్న టేబుల్ ఉండాల్సిందే. టేబుల్‌ని గోడ నుంచి నాలుగంగుళాలు ముందుకు జరిపే వీలుంటే ఈ గొడవ సగం తీరుతుంది.

24 అంగుళాల మానిటర్ వెడల్పు 54 సెం.మీ. దాకా ఉంటుంది. దాని స్టాండు లోతులో 18 నుంచి 22 సెం.మీ. తినేస్తుంది. మానిటర్ ఆర్మ్ బిగిస్తే ఆ చోటంతా ఖాళీ అవుతుంది. మానిటర్ వెనక 75 లేదా 100 మి.మీ. చతురస్రంలో నాలుగు వెసా (ఆర్మ్ బిగించే) రంధ్రాలు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. ఆర్మ్ మోచేయి వెనక్కి పొడుచుకొస్తుంది కాబట్టి గోడకి ఆనించిన టేబుల్‌కి గోడకి కొట్టే ఆర్మ్ మేలు. ఇంకో జాగ్రత్త: ఆన్‌లైన్‌లో దొరికే టేబుళ్లలో చాలావాటికి పార్టికల్ బోర్డు వాడతారు. వానాకాలం తేమకి అది ఉబ్బి మెత్తబడుతుంది. దానికి ఆర్మ్ క్లాంప్ బిగిస్తే కొన్ని నెలల్లో అంచు నలిగిపోయి మానిటర్ ముందుకు వాలుతుంది. క్లాంప్ పైనా కిందా అరచేయంత ఇనుప పట్టీ లేదా 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క పెట్టి బిగించండి.

గోడలో గూడు ఉంది కదా, అందులో పెట్టేద్దాం అనుకోవద్దు. మూడు పక్కలా మూసుకున్న గూట్లో పీసీ తన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. సీలింగ్ ఫ్యాన్ గాలి అక్కడికి చేరదు. టేబుల్ కింద నేల మీద పెట్టేట్టయితే కనీసం నాలుగంగుళాల ఎత్తున్న స్టాండు వేయాలి. తడిగుడ్డతో తుడిచినప్పుడు చిమ్మే నీళ్లు, దుమ్ము, చీమలు అన్నీ నేల మట్టంలోనే ఉంటాయి.

రెండో అంచె: కొత్తదా, ఉన్నదాన్ని మార్చడమా

పాత పీసీ ఉంటే దాన్ని విప్పి మదర్‌బోర్డు కొలవండి. 244 × 244 మి.మీ. లేదా అంతకంటే చిన్నదైతే అది మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు. బీ450, హెచ్410, హెచ్510, హెచ్610 చిప్‌సెట్లతో మన దుకాణాల్లో అమ్ముడుపోయిన చవక బోర్డుల్లో ఎక్కువ భాగం ఇవే. పెద్ద కేబినెట్‌లో చిన్న బోర్డు కూర్చుని ఉంటుందన్నమాట. అలాంటప్పుడు కేబినెట్ ఒక్కటి మారిస్తే పని అయిపోతుంది.

వేగం చాలడం లేదంటే ఏది అడ్డుపడుతోందో తేల్చుకున్నాకే డబ్బు పెట్టండి. కార్డు వాడకం, వేడి చూపించే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ వేసుకుని మీరు ఆడే గేమే పావుగంట ఆడండి. గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే కార్డే చాలడం లేదు. అది 60, 70 దగ్గర ఆగిపోయి, ఫ్రేములకి మీరు హద్దు పెట్టకపోయినా పడిపోతుంటే ప్రాసెసరో ర్యామో అడ్డం. ర్యామ్ ఒకే 8 జీబీ స్టిక్ అయితే ముందు రెండోది వేయండి. విడి కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకి డ్యూయల్ ఛానెల్‌తో (రెండు స్టిక్కులు జంటగా పనిచేయడంతో) వచ్చే తేడా కంటికి కనిపిస్తుంది.

ఏఎం4 (ఏఎండీ పాత సాకెట్) బోర్డు మీద రైజెన్ 5 2600, 3600 వాడుతున్నవాళ్లు రైజెన్ 5 5600 గానీ 5700ఎక్స్ గానీ వేసుకుంటే చాలు. బోర్డు, డీడీఆర్4 ర్యామ్ అలాగే ఉంచుకోవచ్చు. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాక ఈ దారికి విలువ ఇంకా పెరిగింది. పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. కొత్తది బిగించాక చేద్దామనుకుంటే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, మళ్లీ పాతది వెతుక్కోవాలి. ఆ బయోస్ అప్‌డేట్ కరెంటు నిలకడగా ఉండే వేళ, యూపీఎస్ మీద చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు.

బీ450 బోర్డులో గ్రాఫిక్స్ కార్డు పెట్టే పీసీఐఈ స్లాటు మూడో తరానిదే. ఆర్టీఎక్స్ 4060, ఆర్ఎక్స్ 6600, ఆర్ఎక్స్ 7600 లాంటి కార్డులు ఎనిమిది లేన్లే (డేటా దారులే) వాడతాయి. మామూలుగా నష్టం తక్కువే. కార్డు మీది 8 జీబీ మెమరీ నిండిపోయే గేముల్లో మాత్రం కుదుపులు తెలుస్తాయి. టెక్స్‌చర్లు ఒక మెట్టు తగ్గించాలి. నాలుగు లేన్ల ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీని ఆ బోర్డు మీద అసలు పెట్టకండి.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ కూడా మంచి దారే. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్‌ల సన్నటి మోడళ్లు పుస్తకాల అరలో పట్టేస్తాయి. ఎనిమిదో తరం ఇంటెల్, అంటే కోర్ ఐ5-8500 నుంచి తీసుకోండి. ఏడో తరానికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. వీటిలో ఎస్‌ఎంపీఎస్ (లోపల భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె) కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, మార్చలేరు. స్లాటు నుంచి వచ్చే 75 వాట్లతోనే కార్డు నడవాలి. 70 వాట్ల ఆర్టీఎక్స్ 3050 6 జీబీని సగం ఎత్తు మోడల్‌లో తీసుకుంటే సరిపోతుంది. 8 జీబీ 3050 వేరు, దానికి విడిగా పవర్ కేబుల్ కావాలి. దుకాణంలో పేరు ఒకేలా చెబుతారు కాబట్టి పెట్టె మీద చదివి తీసుకోండి.

మూడో అంచె: కేబినెట్, బోర్డు జోడీ

మినీ ఐటీఎక్స్ బోర్డు 170 × 170 మి.మీ. ఒకే కార్డు స్లాటు, రెండు ర్యామ్ స్లాట్లు. అదే చిప్‌సెట్ ఉన్న మైక్రో ఏటీఎక్స్ బోర్డు కంటే ధర బాగా ఎక్కువ, జిల్లాలో ఏ దుకాణంలోనూ సులువుగా దొరకదు. దానికి తోడు ఎస్‌ఎఫ్ఎక్స్ సైజు ఎస్‌ఎంపీఎస్ కావాలంటే ఇంకో ఖర్చు. ఎస్‌ఎఫ్ఎక్స్ కొలత 125 × 100 × 63.5 మి.మీ.; మామూలు ఏటీఎక్స్ వెడల్పు 150, ఎత్తు 86, లోతు 140 నుంచి మొదలు.

పది, పదకొండు లీటర్ల కేబినెట్లలో, ఉదాహరణకి ఫ్రాక్టల్ టెర్రా లాంటివాటిలో, కార్డు బోర్డుకి వెనక వైపు నిలబడుతుంది, మధ్యలో రెంటినీ కలిపే రైజర్ కేబుల్ ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఏసీ గదికైతే తీసుకోండి. లేకపోతే డీప్‌కూల్ సీహెచ్160 లాంటి 14.7 లీటర్ల కేబినెట్ చూడండి. అందులో మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ పడుతుంది, రైజర్ అక్కర్లేదు. మైక్రో ఏటీఎక్స్ కావాలంటే లియాన్ లీ ఏ3 26 లీటర్లు. జిల్లాలో ఉండి కట్టుకునేవాళ్లకి మా మొదటి ఓటు దీనికే. ఎందుకంటే బోర్డు పోయినా, ఎస్‌ఎంపీఎస్ పోయినా కాకినాడలోనో రాజమండ్రిలోనో ఆ సాయంత్రమే మరొకటి దొరికే అవకాశం మామూలు సైజుకే ఉంటుంది.

ముందు పలక గాజుదైతే వద్దు. ముందు, పైన, పక్కన సన్నటి జల్లెడ రేకు ఉన్నదే కావాలి. జల్లెడ రంధ్రాలు బల్లి పిల్ల దూరలేనంత చిన్నవిగా ఉండాలి. వెనక వాడని స్లాట్ల పట్టీలు తీసి పారేయకండి. బల్లులు, గండుచీమలు లోపలికి పోయేది ఆ సందుల్లోంచే. బల్లి ఎస్‌ఎంపీఎస్‌లోకి దూరితే షార్ట్ అవుతుంది.

నాలుగో అంచె: లోపలి సామాను

1080పీ, 144 నుంచి 180 హెర్ట్జ్ మానిటర్‌కి సరిపోయే ఒక జాబితా చెబుతాం. రైజెన్ 5 7600, బీ650 బోర్డు, డీడీఆర్5 6000 ర్యామ్ రెండు 16 జీబీ స్టిక్కులు, 1 టీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్టీఎక్స్ 4060 లేదా 5060, 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్. 1440పీ కావాలంటే కార్డు స్థానంలో ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ. 7600లో లోపలే చిన్న గ్రాఫిక్స్ ఉంది. 7500ఎఫ్ చవకే కానీ అది లేదు. కార్డు వారంటీకి పంపితే పీసీ మూల కూర్చోవాల్సిందే. సర్వీస్ సెంటర్‌కి పంపి రప్పించుకోవడానికి వారాలు పట్టే చోట ఈ తేడా లెక్కలోకి తీసుకోవాలి.

వాట్ల లెక్క: 7600 నిండా పనిచేస్తే 88 వాట్లు, 4060 కార్డు 115, మిగతా అన్నీ కలిపి 50. మొత్తం 250. 5060 అయితే ఓ 30 వాట్లు, 9060 ఎక్స్‌టీ అయితే ఓ 45 కలుపుకోండి. 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సగం లోడు మీద చల్లగా నడుస్తుంది. ఇక్కడ వాట్ల కంటే ఇన్‌పుట్ వోల్టేజ్ చూడండి. 100-240 అని ఉన్నది తీసుకోవాలి. 200-240 అని ఉన్న చవక రకాలు వేసవి సాయంత్రం లో వోల్టేజీకి ఆగిపోతాయి.

గ్రాఫిక్స్ కార్డుని మూడు వైపులా కొలవాలి. పొడవు అందరూ చూస్తారు. మందం రెండు స్లాట్లంటే 40 మి.మీ., రెండున్నర అంటే 50. మూడోది ఎత్తు: కార్డు పై అంచు నుంచి పవర్ కేబుల్ పైకి లేచి వంగడానికి 30, 40 మి.మీ. కావాలి. సన్నటి కేబినెట్‌లో పక్క పలక ఆ కేబుల్‌ని నొక్కేస్తుంది. 16 పిన్నుల కొత్త కనెక్టర్ అయితే మూతి దగ్గరే వంచకూడదు, 35 మి.మీ. తిన్నగా పోయాకే వంపు. లేకపోతే పిన్ను సరిగా కూర్చోక వేడెక్కి కరుగుతుంది. మామూలు 8 పిన్నుల కార్డు దొరికితే చిన్న కేబినెట్‌కి అదే తీసుకోండి. రెండు ఫ్యాన్ల కార్డు చాలు.

కూలర్ ఎత్తు కేబినెట్ పేజీలో రాసిన హద్దు కంటే కనీసం 3 మి.మీ. తక్కువ ఉండాలి. డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155 మి.మీ.; ఎన్‌ఆర్200పీ హద్దు కూడా సరిగ్గా 155. కాగితం మీద పడుతుంది, చేతిలో పలక ఉబ్బుతుంది. నోక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ లాంటి 37 మి.మీ. పలచటి కూలర్ పది లీటర్లలోపు కేబినెట్‌కి తప్పదు, కానీ 38 డిగ్రీల గదిలో అది గేమ్ ఆడినంతసేపూ ఈల వేస్తూనే ఉంటుంది.

ఐదో అంచె: గాలి

గది వేడి ఎంత పెరిగితే లోపలి వేడి దాదాపు అంతే పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 66 చూపించే కార్డు 38 డిగ్రీల గదిలో 79 చూపిస్తుంది. అది ప్రమాదం కాదు. రైజెన్ 7600 గరిష్ఠ హద్దు 95 డిగ్రీలు. అయితే 25 డిగ్రీల గదిలోనే 85 చూపించే ఇరుకు బిల్డ్ మన మే నెలలో నిలబడలేదు, వేగం తగ్గించేసుకుంటుంది. సమీక్షలు చదివేటప్పుడు గది ఎంతుందో చూసి, మీ గదికి తేడా కలుపుకోండి.

కింద నుంచి లేదా ముందు నుంచి రెండు 120 మి.మీ. ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక లేదా పైన ఒకటి బయటికి. లోపలికి వచ్చేది కాస్త ఎక్కువగా ఉంటే దుమ్ము సందుల్లోంచి కాకుండా ఫిల్టర్లలోంచే వస్తుంది. తణుకు, రావులపాలెం వైపు రైస్ మిల్లుల దగ్గర ఊక బూడిద గాలిలో తేలుతూ ఉంటుంది. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు కిటికీ తెరిచి ఉంచితే వారంలోనే ఫిల్టర్ బూడిద రంగు తిరుగుతుంది. కేబినెట్‌తో ఫిల్టర్ రాకపోతే అయస్కాంతపు అంచున్న నైలాన్ జాలీ విడిగా కొనుక్కోండి.

ఫ్యాన్ మీద బాణం గుర్తు ఉంటుంది, గాలి అటే పోతుంది. గుర్తు లేకపోతే ఊచల చట్రం ఉన్న వైపుకి గాలి పోతుంది. తిప్పి బిగించడం అనుకున్నదానికంటే తరచుగా జరిగే పొరపాటు. బిగించాక టిష్యూ కాగితం ముక్క దగ్గర పెట్టి చూస్తే క్షణంలో తెలుస్తుంది.

చాలా మినీ ఐటీఎక్స్ బోర్డుల్లో రెండో ఎం.2 స్లాటు (ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) బోర్డు వెనక ఉంటుంది. అక్కడ గాలి ఆడదు. విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీని ముందు స్లాటులో, హీట్‌సింక్ కిందే పెట్టండి.

ఆరో అంచె: కరెంటు, ఎర్తింగ్

పీసీ రేకు ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? అది ఎర్తింగ్ లేకపోవడం. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు లైన్‌కీ న్యూట్రల్‌కీ మధ్య రేకుకి కలిసి ఉంటాయి. ఎర్త్ తెగిపోతే రేకు మీద సగం వోల్టేజీ, అంటే దాదాపు 115 వోల్టులు, చాలా తక్కువ కరెంటుతో తేలుతుంది. మామూలుగా ప్రాణాపాయం ఉండదు కానీ యూఎస్‌బీ పోర్టులు, హెచ్‌డీఎంఐ పోర్టులు దీనివల్లే పోతాయి. పీసీ ఆన్‌లో ఉండగా టీవీ కేబుల్ తీసి పెట్టినప్పుడు చిన్న మెరుపు కనబడటం ఇదే.

ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌లో ఎర్త్, న్యూట్రల్ మధ్య వోల్టేజీ కొలిపించండి. పీసీ నడుస్తుండగా రెండు, మూడు వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. పదులు చూపిస్తే ఎర్త్ గుంత ఎండిపోయిందో, తీగ తుప్పు పట్టిందో. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉప్పు గాలికి క్లాంప్ దగ్గరే తుప్పు మొదలవుతుంది. గుంతలో నీళ్లు పోసి, క్లాంప్ మార్పించాలి. సాకెట్‌లోనే ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపేసే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన రోజు రేకుకి మొత్తం 230 వోల్టులు వస్తాయి. మూడో పిన్ను తీసేసిన ప్లగ్, రెండు పిన్నుల అడాప్టర్ కూడా వద్దు.

ఇంటి ఇన్వర్టర్ మీద పీసీ నడపొచ్చా? ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే, దాని వెనక ఉన్న మీట యూపీఎస్ మోడ్‌లో ఉంటే నడుస్తుంది. మామూలు మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే సమయం ఎస్‌ఎంపీఎస్ ఓర్చుకోగలిగే 16 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ, పీసీ రీస్టార్ట్ అవుతుంది. స్క్వేర్ వేవ్ పాత ఇన్వర్టర్‌కి మంచి ఎస్‌ఎంపీఎస్ తగిలించకండి, గుయ్యిమని మోగుతుంది, వేడెక్కుతుంది. 250 వాట్ల పీసీ, 30 వాట్ల మానిటర్ కలిపితే 600 వాట్ల యూపీఎస్ ఇబ్బంది లేకుండా మోస్తుంది. పెట్టె మీద వీఏ కాకుండా వాట్లు చూడండి. 600 వీఏ అని రాసిన చిన్న యూపీఎస్ 360 వాట్లదే. యూపీఎస్ పని గేమ్ సేవ్ చేసి ఆపేసే కొన్ని నిమిషాలు ఇవ్వడం, అంతవరకే.

ఈదురుగాలులు, పిడుగుల వేళ స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ లాగేయాలి. లాన్ కేబుల్ కూడా లాగేయాలి. ఫైబర్ తీగ పిడుగుని మోయదు కానీ దాని మోడెమ్ కరెంటు అడాప్టర్ మోస్తుంది, అక్కడి నుంచి లాన్ రాగి తీగ మీదుగా మదర్‌బోర్డుకి వస్తుంది.

ఏడో అంచె: కొనడం, మోసుకురావడం

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అన్నీ ఒకచోట దొరుకుతాయి. అక్కడే కట్టించి తెచ్చుకుంటే గ్రాఫిక్స్ కార్డు, టవర్ కూలర్ విప్పి విడి పెట్టెల్లో తీసుకురండి. బస్సు కుదుపుకి కార్డు స్లాటుని చీల్చుకుని వచ్చేస్తుంది. ఆర్టీసీ కార్గోలో వేసినా ఇదే పద్ధతి. ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ సీలు కనబడేలా మొదలుపెట్టి, సీరియల్ నంబర్ దాకా ఆపకుండా వీడియో తీయండి. ఏసీ బస్సులోంచి దిగిన పెట్టెని వెంటనే విప్పొద్దు. చల్లటి లోహం మీద మన తేమ గాలి చెమ్మగా పేరుకుంటుంది. రెండు, మూడు గంటలు మూసే ఉంచండి.

ఎనిమిదో అంచె: బిగింపు వరస

చిన్న కేబినెట్‌లో చేయి దూరదు. అందుకని ముందు బయటే పరీక్షించాలి. మదర్‌బోర్డుని దాని అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, కూలర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ తగిలించి, మానిటర్ కేబుల్ బోర్డుకి పెట్టి ఆన్ చేయండి. ఏఎం5 (రైజెన్ 7600 కూర్చునే సాకెట్) బోర్డు మొదటిసారి ర్యామ్‌ని అలవాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తో ఉంటుంది. పోయిందనుకుని ఆపేయకండి. బయోస్ కనబడ్డాకే కేబినెట్‌లోకి.

తర్వాతి వరస ఇది:

1. కేబినెట్‌లో బోర్డు రంధ్రాలకి ఎదురు లేని స్టాండ్‌ఆఫ్ (బోర్డుని రేకు నుంచి ఎత్తి పట్టే చిన్న స్క్రూ దిమ్మ) ఉంటే తీసేయండి. అది బోర్డు వెనక తగిలి షార్ట్ చేస్తుంది.
2. ఎం.2 ఎస్‌ఎస్‌డీ బిగించి, హీట్‌సింక్ కింది ప్లాస్టిక్ పొర ఒలిచేయండి. కూలర్ అడుగున కూడా చూడండి.
3. ప్రాసెసర్ 8 పిన్నుల పవర్ కేబుల్‌ని బోర్డు మూల దగ్గరికి ముందే లాగి ఉంచండి. కూలర్ అడ్డొచ్చాక అది దూరదు.
4. బోర్డు దించి, పవర్ స్విచ్ సన్నటి పిన్నులు, ముందు యూఎస్‌బీ కేబుల్ పెట్టండి.
5. ఎస్‌ఎంపీఎస్, ఆపైన ఫ్యాన్లు, అన్నిటికంటే చివర గ్రాఫిక్స్ కార్డు.
6. మానిటర్ కేబుల్‌ని ఇప్పుడు కార్డుకి మార్చండి. బోర్డుకే వదిలేస్తే గేములు కుంటుతాయి.

నాలుగు ర్యామ్ స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ఎస్‌ఎఫ్ఎక్స్ కేబుళ్లు పొట్టివి; పెద్ద కేబినెట్‌లో ప్రాసెసర్ మూలకి అందవు. అందలేదని పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్ తెచ్చి పెట్టడం అన్నిటికంటే ఖరీదైన తప్పు. మాడ్యులర్ (ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా ఊడొచ్చే) కేబుల్‌లో ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీ కంపెనీకీ మారుతుంది. 5 వోల్టులు పోవాల్సిన చోట 12 పోయి ఎస్‌ఎస్‌డీలు, హార్డ్ డిస్కులు ఒక్క క్షణంలో కాలిపోతాయి.

రైజర్ ఉన్న కేబినెట్‌లో స్క్రీన్ రాకపోతే లేదా గేమ్ మధ్యలో ఆగిపోతుంటే, బయోస్‌లో పీసీఐఈ స్లాటు వేగాన్ని రైజర్ తరానికి తగ్గించి చూడండి. ఆటోలో ఉంటే మూడో తరం రైజర్ మీద నాలుగో తరం వేగానికి ప్రయత్నించి తడబడుతుంది.

తొమ్మిదో అంచె: వేడి తగ్గించే సెట్టింగులు

బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి, లేకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. ప్రాసెసర్ కర్వ్ ఆప్టిమైజర్ (వోల్టేజీ కొద్దిగా తగ్గించే సెట్టింగు) అన్ని కోర్లకి మైనస్ 15 పెట్టండి. రీస్టార్టులు వస్తే మైనస్ 10కి రండి. 105 వాట్ల ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఈకో మోడ్‌లో 65 పెట్టుకుంటే గేముల్లో తేడా కొద్దిగానే తెలుస్తుంది, వేడి మాత్రం బాగా దిగుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో కార్డు పవర్ లిమిట్ 85 శాతం చేయండి. ఫ్రేములకి మానిటర్ హెర్ట్జ్ కంటే మూడు తక్కువగా హద్దు పెట్టండి. ఈ రెండే వేసవిలో చాలా ఊరట.

పరీక్ష ఏసీ వేసుకుని రాత్రి చేస్తే లాభం లేదు. మధ్యాహ్నం రెండింటికి, పలకలన్నీ మూసి, మీరు ఆడే వాటిలో బరువైన గేమ్ 40 నిమిషాలు ఆడి చూడండి. కార్డు 83, ప్రాసెసర్ 88 దాటకపోతే వేసవి గడిచిపోతుంది. దాటితే మొదట పక్క పలక తీసి ఐదు నిమిషాలు ఆడండి. వేడి పది డిగ్రీలు పడిపోతే గాలి దారి మూసుకుపోయినట్టు. ఫ్యాన్ల దిక్కు, గోడ సందు చూడండి. పడకపోతే కూలర్ బిగింపు, థర్మల్ పేస్ట్ చూడాలి.

ఏడాది పొడవునా

ఫిల్టర్లు నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. కోతల కాలంలో పదిహేను రోజులకోసారి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకోండి. వానాకాలంలో ఆడకపోయినా వారానికి రెండుసార్లు ఓ గంట ఆన్‌లో ఉంచితే లోపలి చెమ్మ ఆరిపోతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉన్నట్టుండి పీసీ ఆన్ కాకపోతే బోర్డు పోయిందని కంగారు పడకముందు ప్లగ్ తీసి, ర్యామ్ బయటికి తీసి, బంగారు రంగు పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. రబ్బరుతో గట్టిగా రుద్దితే పూత అరిగిపోతుంది, పొడి స్లాటులో పడుతుంది.

అక్టోబర్, నవంబర్‌లో తుపాను హెచ్చరిక వస్తే అన్ని తీగలూ లాగి, కార్డు విప్పి దాని పెట్టెలో పెట్టి, కేబినెట్‌ని సిలికా జెల్ పొట్లాలతో పెద్ద ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి అటక మీదికో పై అంతస్తుకో చేర్చండి. కరెంటు తిరిగొచ్చిన వెంటనే పెట్టకుండా, వోల్టేజీ ఓ గంటపాటు నిలకడగా ఉందని చూసుకుని, సంచి విప్పి ఫ్యాన్ గాలికి సగం రోజు ఆరనిచ్చి అప్పుడు ప్లగ్ పెట్టండి.